తొమ్మిది తెల్లబొమ్మలు

కుట్టుగది,
ఫిబ్రవరి నెలాఖరు, సోమవారం.

వదినగారికి నమస్కారాలు.

"ఫోను చేస్తే 'అలాగే వదినా' తప్ప ఇంకో మాట రాదు నీ నోట. ఉత్తరం రాయి, కనీసం కాగితం మీదైనా నోరు పెగులుతుందేమో చూద్దాం" అని రైలెక్కుతూ ఆజ్ఞాపించారు కాబట్టి రాస్తున్నాను. అలాగే వదినా.

మీ తమ్ముడు క్షేమం. మీరు లేని ఇంట్లో పేపరు గట్టిగా చదువుతున్నారు. మీ సండేస్కూలు పిల్లలు పద్నాలుగు మందీ క్షేమం. చర్చి వెనక గది మాత్రం అంత క్షేమంగా లేదు.

"సెప్టెంబరు దాకా తరగతి పడిపోకుండా పట్టుకో చాలు, కొత్తగా ఏమీ నిలబెట్టక్కర్లేదు" అన్నారు. మీరు రాసిచ్చిన బైబిలు వచనాల పట్టిక పట్టుకుని మొదటి ఆదివారం పిల్లల చేత అప్పచెప్పించాను. వాళ్ళు గోడని చూస్తూ చెప్పారు, నేను గడియారం చూస్తూ విన్నాను. దేవుడు ఎటు చూశాడో తెలియదు. నాకు అప్పచెప్పించుకోవడం రాదు వదినా. యూనిఫారాలు కుట్టుకునేదాన్ని. కత్తిరించడం, అతికించడం, కుట్టడం వచ్చు. అందుకని రెండో వారం నుంచి చేతులకి పని పెట్టాను.

ముందు పిండిలో ఉప్పు కలిపి జలప్రళయం నాటి ఓడ చేశాం. జంతువులన్నీ జంటలు జంటలుగా ఎక్కించాం. అంత వానని తట్టుకున్న ఓడ మన చర్చి చీమలని తట్టుకోలేకపోయింది. వారం తిరిగేసరికి ఒక తొండం, రెండు తోకలు మిగిలాయి. తరవాతి వారం పిల్లలని గుండ్రంగా కూర్చోబెట్టి ఊలు ఉండ ఇచ్చాను. ఎవరికోసం ప్రార్థిస్తారో వాళ్ళకి ఉండ విసరాలి, కొస మాత్రం వదలకూడదు. గది నిండా చక్కటి వల తయారైంది. సరిగ్గా అప్పుడే పాస్టరుగారు "ఏం చేస్తున్నార్రా" అంటూ తిన్నగా లోపలికి నడిచారు. బయటికి తీయడానికి కత్తెర వాడాల్సి వచ్చింది. ఆయన మాత్రం, "నా కోసం ఇంతమంది ఒక్కసారిగా ప్రార్థించడం ఇదే మొదలమ్మా" అన్నారు.

ఒక్కరూ మధ్యలో లేచి వెళ్ళలేదు వదినా. నాకు ఈ తరగతి నచ్చింది. ఈ మాట మీకెందుకు రాస్తున్నానో నాకే తెలియదు.

మీ మరదలు

*

నర్సింగు స్కూలు క్వార్టర్లు, పై అంతస్తు,
మార్చి మొదటి వారం.

మరదలు పిల్లకి ఆశీస్సులు.

పంతొమ్మిదేళ్ళు నేను కట్టుకున్న తరగతిని మూడు వారాల్లో చీమలకి పెట్టావు. ప్రపంచంలో ఎవరూ చేయని సేవ ఇది. మనుషులకి వాక్యం చెప్పినవాళ్ళున్నారు, చీమలకి తినిపించిన ఘనత నీదే.

దేవుడు చెవులిచ్చింది వినడానికి, నోరిచ్చింది అప్పచెప్పడానికి. గోందు ఎందుకిచ్చాడో ఆయన్నే అడగాలి. ప్రార్థన అంటే మోకాళ్ళ మీద చేసేది, ఊలు ఉండలు విసురుకునేది కాదు. పాస్టరుగారు మెచ్చుకున్నారని మురిసిపోకు. ఆయన అంత్యక్రియల్లో కూడా ఎవరో ఒకరిని మెచ్చుకుంటారు. పిల్లలు లేచి వెళ్ళలేదన్నావు. సర్కసులోంచి కూడా ఎవరూ మధ్యలో లేచిపోరు.

ఆసుపత్రివాళ్ళు నన్ను ఆర్నెల్లు పాఠాలు చెప్పి రమ్మన్న ఈ తరగతి చూస్తే నీకు కళ్ళు తిరుగుతాయి. ముప్పై మంది ఆడపిల్లలు, తెల్ల యూనిఫారాలు, సూది కింద పడితే వినపడుతుంది. ఎవరైనా నసిగితే చాలు, నేను మాట్లాడను. నా గుండె మీద తలకిందులుగా వేలాడే గడియారాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూస్తాను. అంతే, గదిలో అందరి నాడీ ఆగిపోతుంది. దీన్ని క్రమశిక్షణ అంటారు. మన పిల్లలకీ ఇది బాగా అలవాటే.

ఆ మూగనోము పిల్ల ఎలా ఉంది? ఏడాదిన్నర ప్రతి ఆదివారం తరగతి ముందు నిలబెట్టాను దాన్ని. వచనం అడిగితే "తెలీదు" అంటుంది. ఇంకో మాట లేదు, కన్నీళ్ళూ లేవు. పదేళ్ళ పిల్ల నాకంటే మొండిది, నేను ఒప్పుకునే ఒకే ఒక్క విషయం ఇది. నువ్వు నిలబెట్టడం మానకు. ఒంచాల్సింది మొక్కగా ఉన్నప్పుడే.

ఒక్క సంగతి గుర్తుంచుకో. సెప్టెంబరు మొదటి ఆదివారం నా కుర్చీ నా చోట ఉండాలి, దానికి జిగురు అంటి ఉండకూడదు.

మీ వదిన

*

కుట్టుగది,
ఏప్రిల్, ఈస్టరు అయిన మర్నాడు.

వదినగారికి,

కుర్చీ తుడిపించాను.

ఈ నెల కొత్త పని మొదలుపెట్టాం. శత్రువులని ప్రేమించమన్న పాఠం వచ్చింది. "మీ శత్రువులెవరర్రా?" అని అడిగితే అందరూ మంచిపిల్లల్లా "మాకెవరూ లేరు టీచర్" అన్నారు. "పోనీ, ఎవరి మీద కోపముంది?" అన్నాను. పద్నాలుగు చేతులు లేచాయి. కొందరు రెండేసి ఎత్తారు.

షాపు నుంచి కత్తిరింపు ముక్కల బుట్ట తీసుకెళ్ళాను. నీలం, ఖాకీ, గళ్ళు, తెలుపు. ఎవరి మీద కోపముందో వాళ్ళ బొమ్మ కుట్టాలి. అది ఎవరో చెప్పక్కర్లేదు, నేను అడగను. ప్రతి ఆదివారం ఆ బొమ్మని ఒళ్ళో పెట్టుకుని ఒక్క నిమిషం ఆ మనిషి కోసం ప్రార్థించాలి. కోపం పోయిన రోజున కుట్లు విప్పేసి గుడ్డ తిరిగి బుట్టలో వేసెయ్యాలి. పోకపోతే పోయినట్టు నటించకూడదు. కుట్టేటప్పటి కంటే విప్పేటప్పుడే ఎక్కువ ఓపిక కావాలి, గుడ్డ చిరగకూడదు కదా. మా పనిలో ఇది మొదటి పాఠం.

అన్నాచెల్లెళ్ళిద్దరు ఒకరినొకరు కుట్టుకున్నారు. ఒకరు లెక్కల మాస్టరుని గళ్ళచొక్కాలో కుట్టారు. ఒకరు కుక్కని కుట్టారు, కరిచిందట. కుక్క శత్రువు కింద వస్తుందా రాదా అన్నది పాస్టరుగారు ఇంకా తేల్చలేదు. ఒక బొమ్మ మెడలో కొలతల టేపు ఉంది, అది నేనే. పోయినవారం కత్తెర ఇవ్వనన్నానని కోపం.

మిగతా తొమ్మిది మందీ తెల్లగుడ్డే కావాలన్నారు. పది నిమిషాల్లో తెల్లగుడ్డ అయిపోయింది. అందరూ తలా ఒక గుండీ కూడా అడిగారు, గుండె మీద కుట్టడానికి. అవి ఎవరి బొమ్మలో నేను అడగలేదు. నియమం నియమమే కదా.

మీ మరదలు

*

నర్సింగు స్కూలు క్వార్టర్లు,
ఏప్రిల్ మూడో వారం.

మరదలా!

ఈ వయసులో ఉత్తరం చదివి చప్పట్లు కొట్టాను. పక్క క్వార్టరులోని ఆవిడ ఏమైందోనని తలుపు కొట్టింది.

తెల్లబట్టలు! గుండె మీద బిళ్ళ! ఇంకా అడగలేదంటావేమిటి, అడగాల్సిన అవసరమేముంది? మన తెల్లచొక్కా పెద్దాయన కాక ఇంకెవరు? సంఘం వార్షికోత్సవం నాడు ఇచ్చిన బిళ్ళని మూడేళ్ళుగా కూరలకెళ్ళినా పెట్టుకునే మనిషి మన సంఘంలో ఇంకొకరున్నారా? పిల్లలు ముందు వరుసలో కూర్చుంటే వెళ్ళగొట్టేది ఆయనే. నా పిల్లలు ఇరవై నాలుగు వచనాలు వరసగా అప్పచెప్పే కార్యక్రమాన్ని "కొంచెం తగ్గించండమ్మా, జనానికి ఆకలేస్తుంది" అని మూడు వచనాలకి కోసిందీ ఆయనే. గురివింద గింజకి తన నలుపు తెలియదంటారు. ఇన్నాళ్ళకి ఆ గింజని తిప్పి చూపించారు నా బంగారుతల్లులు.

నీ గుడ్డపేలికల వ్యవహారాన్ని వెక్కిరించాను కదా, కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను. కొంచెమే. పసిపిల్లల నోట దేవుడు పలుకుతాడని తెలుసు, సూదితో కూడా పలుకుతాడని నీ వల్ల తెలిసింది. నవ్విన నాపచేనే పండింది. ఆ బొమ్మలని జాగ్రత్తగా దాచు.

ఒకటి మాత్రం రాయి. పొట్ట సరిగ్గా వచ్చిందా?

మీ వదిన

*

కుట్టుగది,
మే రెండో వారం.

వదినగారికి,

పొట్ట లేదు. అన్నీ సన్నగానే ఉన్నాయి. దూది తక్కువైంది.

పెద్దాయన సంగతి వదిలెయ్యండి వదినా. నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. మీరు ఎవరికీ ఏమీ రాయకండి. దండం పెడతాను.

దానికంటే పెద్ద సంగతి ఒకటి ఉంది. పోయినవారం మీ పట్టికలోని వచనాలని మాటమాటకీ గుడ్డ మీద రాసి, ముక్కలు చేసి, కలిపేసి పెట్టాను. సరైన వరసలో పేర్చి ఒకదానికొకటి కుట్టాలి. తక్కినవాళ్ళు ఒక్కో వచనానికి తంటాలు పడుతుంటే మూగనోము ఆరు వచనాలు కుట్టేసింది. ఒక్క మాట అటూ ఇటూ కాలేదు. "ఇంకా వచ్చా?" అన్నాను. తలూపింది. ఈ వారం ముక్కలన్నీ దాని ముందు పోశాను. మీరు ఏడాదిన్నరలో చెప్పించిన వచనాలన్నీ దానికి వచ్చు వదినా. అన్నీ.

అందరూ వెళ్ళాక సూది తిరిగివ్వడానికి వచ్చింది. "ఇన్ని వచ్చినప్పుడు టీచరుగారికి ఎందుకు చెప్పలేదే?" అని అడిగాను. చెప్పడానికి ప్రయత్నించింది. మొదటి అక్షరం దగ్గరే పెదవులు బిగుసుకుపోయాయి, మెడ నరాలు లేచాయి, కాలు నేలకేసి కొట్టుకుంది. దానికి నత్తి. మామూలు నత్తి కాదు. ఇంట్లో మాట్లాడగలదట, నలుగురు చూస్తుంటే రాదు. నిలబెడితే అసలు రాదు. చాలాసేపటికి అది చెప్పిందేమిటంటే, "తెలీదు" అన్న ఒక్క మాట మాత్రం తడబడకుండా వస్తుందట. అందుకని అదే చెప్పేదట.

బడిలో ఎప్పుడూ చివరి బల్ల, ఎవరూ పలకరించరు. అమ్మానాన్నలకి సిగ్గు, బయటికి చెప్పలేదు. ఇన్నాళ్ళూ అందరూ మొండిది అనుకున్నారు. ఆ పేరు పెట్టింది మీరే కాబట్టి మీకు రాయాలనిపించింది. ఇకనుంచి నేను దాన్ని ఆ పేరుతో పిలవను. బుల్లితల్లి అంటున్నాను.

మీ మరదలు

*

నర్సింగు స్కూలు క్వార్టర్లు,
మే నెలాఖరు.

మరదలికి,

నత్తి అయితే నత్తి అని చెప్పొచ్చుగా? నాకు కలొచ్చిందా? చేతికి దెబ్బ తగిలితే చెయ్యి చూపిస్తారు, నోటికి కష్టమొస్తే నోరు తెరిచి చెప్పాలి. పోనీలే, ఆ సంగతి నేనొచ్చాక చూస్తాను.

ఇక నువ్వు పెట్టిన దండం ఆలస్యంగా అందింది. అప్పటికే పాస్టరుగారికీ, సంఘం కమిటీకీ నాలుగు పేజీలు రాసి పడేశాను. పేరు రాయలేదులే, అంత తెలివి తక్కువదాన్ని కాదు. "మన సంఘంలో ఒక పెద్దమనిషి మీద తొమ్మిది మంది పిల్లలు మనసులో గాయం పెట్టుకుని, బొమ్మలు కుట్టుకుని ప్రార్థిస్తున్నారు. పిల్లలని నొప్పించిన ఆ మనిషి, ఎంత పెద్దవారైనా సరే, ఆ పిల్లలు క్షమించేదాకా సండేస్కూలు గది గడప తొక్కకూడదని కమిటీ తీర్మానం చెయ్యాలి" అని రాశాను. బాగుంది కదూ? తీర్మానంలో వాడాల్సిన మాటలు కూడా నేనే రాసిచ్చాను, వాళ్ళకి రాయడం రాదు.

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేది ఎవరో చూసి రాయి. ఆ ముఖం చూడటానికి నేనక్కడ లేకపోయానే అన్నదే నా బాధ.

మీ వదిన

*

కుట్టుగది,
జూన్ మూడో ఆదివారం, మధ్యాహ్నం.

వదినగారికి,

ఈ ఉత్తరం కూర్చుని చదవండి.

ఈ రోజు ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. తరగతి నాది కాబట్టి నన్నూ పిలిచారు. పాస్టరుగారు మీ నాలుగు పేజీలూ చదివారు. అందరూ పెద్దాయన వైపు చూశారు. ఆయన ముఖం ఎర్రబడింది, చెయ్యి బిళ్ళ మీదకి వెళ్ళింది. నేను ఆపబోయాను. "ముందు బొమ్మలు చూస్తే..." అన్నాను. "అక్కర్లేదమ్మా" అన్నారాయన. "అందరూ నన్నే చూస్తున్నారు, నాకు తెలుసు. పిల్లలకి నా మీద కోపముంటే తప్పు నాదే. తీర్మానం రాయండి, మొదటి సంతకం నేనే పెడతాను." పెట్టారు. మీరు రాసిన మాటలే, ఒక్క అక్షరం మార్చలేదు. ఏడు సంతకాలు పడ్డాయి.

అప్పుడాయన, "ఇక గడప తొక్కకూడదు కాబట్టి గుమ్మంలోంచే చూస్తాను, తెచ్చి చూపించండి" అన్నారు. తెచ్చాను. వేరే దారి లేదు.

ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నారు. తెల్లగౌను. నడుముకి బెల్టు. తల మీద మడతపెట్టిన టోపీ. గుండె మీద గుండీ, దారంతో వేలాడుతోంది, దాని మీద పెన్నుతో ముళ్ళు గీసి ఉన్నాయి. పన్నెండు అంకె కింద ఉంది. ఆయన బొమ్మని తలకిందులుగా తిప్పి టైము చూశారు. ఇక నవ్వు మొదలుపెట్టారు వదినా. పిల్లల బల్ల మీద కూలబడి నవ్వారు. బల్ల కాలు విరిగింది, కింద కూర్చుని కూడా నవ్వారు. తరవాత తొమ్మిదీ వరసగా పేర్చి చూసి నవ్వు ఆపేశారు. "తొమ్మిది మందా అమ్మా?" అన్నారు.  తీర్మానం కొట్టేద్దామని పాస్టరుగారు అంటే మాత్రం, "రాసింది రాసిందే. ఆవిడ మాటలు మనం మార్చడమా? అంత ధైర్యం నాకు లేదు" అన్నారు.

ఎవరు తవ్విన గోతిలో వాళ్ళే అని ఊరికే అనలేదు. కానీ ఆ గోతి దగ్గర నేనూ కాపలా ఉన్నాను. రాత్రి డ్యూటీ దిగి మీరు తిన్నగా తరగతికి వేసుకొచ్చే బట్టలే కదా, బొమ్మలు మీవని మొదటి ఆదివారమే గుర్తుపట్టాను. మీకు చెప్పకపోవడానికి నియమం ఒక వంక. మీరు పెద్దాయన అనుకుని పొంగిపోతుంటే ఆ ఉత్తరాలు చదవడం నాకు బాగుంది. రెండుసార్లు చదువుకున్నాను. అది నా తప్పు.

ఇంకొకటి. తెల్లబొమ్మలు తొమ్మిది కాదు. పదోది నా మిషను సొరుగులో ఉంది. మీ తమ్ముడిని చేసుకుని వచ్చిన మొదటి ఆదివారం, చర్చి నిండా జనం ముందు నన్ను లేపి పరలోక ప్రార్థన చెప్పమన్నారు గుర్తుందా? నేను ఈ ఇంటికి కొత్త, ఈ విశ్వాసానికీ కొత్త. సగంలో మరిచిపోయాను. మీరు గడియారం ఎత్తి చూశారు. "కూర్చో. వచ్చాక నోరు తెరుద్దువుగాని" అన్నారు. అందరూ నవ్వారు. పదకొండేళ్ళయింది. మీ ముందు ఇంకా నోరు తెరవలేదు. బుల్లితల్లికి "తెలీదు", నాకు "అలాగే వదినా". అంతే తేడా.

మీ మరదలు

*

నర్సింగు స్కూలు,
జూన్ 28.

ఉత్తరం అందింది.

పంతొమ్మిదేళ్ళలో ఆ గదిలో ఎందరో పిల్లలకి వాక్యం నేర్పాను. వాళ్ళలో ఇద్దరు పాస్టర్లయ్యారు. అది మీకెవరికీ గుర్తులేదు. పిల్లల చేత పెద్దవాళ్ళ బొమ్మలు కుట్టించి ఒళ్ళో పెట్టించడం ప్రార్థన కాదు, చేతబడి.

బొమ్మలన్నీ తీసేసి డబ్బాలో పెట్టు. తీర్మానం నేనొచ్చి రద్దు చేయిస్తాను. సెప్టెంబరు మొదటి ఆదివారం తరగతి నాది. ఆ లోపు నువ్వేమీ రాయక్కర్లేదు.

*

కుట్టుగది,
జులై మొదటి వారం.

వదినగారికి,

రాయొద్దన్నారు. రాస్తున్నాను.

తరగతి ఇవ్వను.

ఈ రెండు మాటలూ రాయడానికి నాలుగు రోజులు పట్టింది. మిషను మీద మూడు చొక్కాలకి చేతులు తిరగేసి కుట్టాను. ఇప్పుడు రాసేశాను, ఇక భయం లేదు. ఉన్నా తరగతి ఇవ్వను. కుర్చీ కావాలంటే తీసుకెళ్ళండి.

చేతబడి అన్నారు. చేతబడిలో సూదులు గుచ్చుతారు వదినా, మేం కుట్లు తీస్తున్నాం. మీ కోసం తొమ్మిది మంది పిల్లలు ప్రతి ఆదివారం ఒక్క నిమిషం ప్రార్థిస్తున్నారు, మూడు నెలలుగా. మన చర్చిలో అంతమంది పిల్లలు ఇంకెవరికోసమూ చెయ్యలేదు, పాస్టరుగారికి ఆ ఊలు రోజు తప్ప. ఇప్పటికి నాలుగు బొమ్మలు విప్పేశారు. ఎవరూ చెప్పలేదు, వాళ్ళంతట వాళ్ళే. ఒకమ్మాయి గుడ్డ తిరిగిస్తూ, "టీచరుగారికి అక్కడ ఎవరైనా ఫ్రెండ్స్ ఉన్నారా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను.

నా బొమ్మకి రెండు చేతులు విప్పాను. మిగతాది పోయినట్టు నటించను.

బుల్లితల్లి తనది ఇంకా ముట్టుకోలేదు.

మీ మరదలు

*

నర్సింగు స్కూలు క్వార్టర్లు,
ఆగస్టు రెండో వారం.

మరదలికి,

నీ ఉత్తరం వచ్చాక అయిదు వారాలు నీతో మాట్లాడలేదు. నువ్వు గమనించే ఉంటావు. గమనించాలనే మాట్లాడలేదు.

నువ్వు చేసింది ఉత్త తప్పుడు పని అని రుజువు చెయ్యాలనుకున్నాను. ఏ పిల్లల చేతికి గుడ్డా సూదీ ఇచ్చినా టీచరునే కుడతారు, అది లోకరీతి, అందులో నా గొప్పేమీ లేదు, ఇదీ నా వాదన. అందుకని పోయిన శనివారం ఇక్కడి నా తరగతిలో బ్యాండేజీ గుడ్డ పంచాను. "ఎవరి మీద కోపముందో వాళ్ళ బొమ్మ చెయ్యండి, పేర్లు వద్దు, నేను చూడను" అని బయటికెళ్ళి కూర్చున్నాను. ఈ పిల్లలకి తిట్టుకోవడానికి ఎంతమంది లేరు? మెస్సు వార్డెనుంది, పెద్ద డాక్టరున్నాడు, ఇళ్ళలో అత్తలూ మొగుళ్ళూ ఉన్నారు. నా వాటాకి నాలుగో అయిదో వస్తాయి, నీ ముఖాన కొడదామనుకున్నాను.

బ్యాండేజీ గుడ్డ అయిపోయింది.

ముప్పై మందిలో ఇరవై ఆరు. మిగతా నలుగురూ ఆ రోజు సెలవు. అందరూ గడియారం పెట్టారు. ఒకత్తె నిజంగా నడిచేది పెట్టింది, తన సొంత గడియారం ఊడదీసి.

పగ పట్టినవాళ్ళు కారు, నా చెయ్యి కింద నేర్చుకుంటున్నవాళ్ళు. తరవాత ఒక్కొక్కరినీ పిలిచి అడిగాను, నేనేం చేశానని. ఎవరూ పెద్ద నేరం చెప్పలేదు. "మీరు చూస్తారు మేడమ్" అన్నారు. "నోట్లో ఉన్న మాట లోపలికి పోతుంది మేడమ్." ఇరవై ఆరు సార్లు విన్నాను అదే మాట. ముప్పై ఏళ్ళు నర్సుగా చేశాను మరదలా. జ్వరం చెయ్యి పెట్టకుండా చెప్తాను. ఒక పిల్ల నా ఎదురుగా ఏడాదిన్నర నిలబడి గొంతు బిగుసుకుపోతుంటే మొండితనం అనుకున్నాను.  సిగ్గుగా ఉంది.

నిన్ను ఆ రోజు ఎందుకు లేపానో కూడా రాస్తాను. నా తమ్ముడు నన్ను అడగకుండా నిన్ను చేసుకున్నాడు. వాడిని లేపలేక నిన్ను లేపాను. అత్త మీది కోపం దుత్త మీద చూపించినట్టు. నిన్ను క్షమించమని అడగను, నీ పాటికి నువ్వు విప్పుకో. తొందరలేదు, గుడ్డ చిరుగుతుంది.

తరగతి నీది. కమిటీకి రాశాను, ఈసారి అర పేజీ. కుర్చీ చీమలకి పెట్టు. తీర్మానం మాత్రం రద్దు చెయ్యొద్దని కూడా రాశాను. బాగా రాసిన తీర్మానం అది.

సెప్టెంబరు మొదటి ఆదివారం వస్తాను. ఆ పిల్లని ఒక్కసారి గుమ్మం దాకా పంపుతావా? పంపమని అనడం లేదు. అడుగుతున్నాను.

మీ వదిన

*

నీ కుట్టుగదికి పక్కగది,
సెప్టెంబరు మొదటి ఆదివారం, భోజనాలయ్యాక.

మరదలికి,

గోడకి అటుపక్క నీ మిషను చప్పుడు వినిపిస్తూనే ఉంది. వచ్చి చెప్పొచ్చు. కానీ ఎదురుగా కూర్చుంటే మళ్ళీ నేను మీ వదిననైపోతాను, నువ్వు 'అలాగే' అంటావు. అందుకని తలుపు కింద నుంచి తోస్తున్నాను.

నువ్వు లోపల పిల్లలతో ఉన్నావు, గుమ్మంలో జరిగింది నీకు వినపడి ఉండదు. పదింటికల్లా వచ్చాను. గడప అవతలే నిలబడ్డాను. తెల్లచొక్కా పెద్దాయన అటుగా వచ్చి చూశాడు. ఏదో ఒకటి అంటాడని పళ్ళు బిగించుకున్నాను. "కుర్చీ తెమ్మంటారా అమ్మా?" అన్నాడు. "వద్దండీ, నిలబడతాను" అన్నాను. ఆయన ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయాడు. అనకపోవడమే ఎక్కువ గుచ్చుకుంది.

బుల్లితల్లి వచ్చింది, చేతిలో బొమ్మతో. మూడు రోజులుగా కూడబలుక్కున్నవన్నీ ఎగిరిపోయాయి. పిల్లలందరూ లోపల్నుంచి చూస్తున్నారు. "అమ్మా, నీకు అన్నీ వచ్చు. అయినా నిలబెట్టాను. తప్పు నాది. నన్ను క్షమిస్తావా?" అన్నాను. ఇంతే వచ్చింది. అదైనా రెండుసార్లు ఆగి చెప్పాను.

ఆ పిల్ల బొమ్మ వంక చూసింది, నా వంక చూసింది. పోలిక సరిపోయిందో లేదో చూసుకుందనుకుంటాను. తరవాత చెప్పడం మొదలుపెట్టింది. మొదటి అక్షరం రావడానికే చాలాసేపు పట్టింది. నేను కదల్లేదు. దాని పెదవులే చూస్తూ ఉన్నాను. 

"ఇం... ఇం... ఇంకా అవ్వలేదండీ. వ... వచ్చేవారం రండి" అంది.

అని లోపలికెళ్ళి కూర్చుంది.

ఆసుపత్రికి ఫోను చేసి వచ్చే ఆదివారం డ్యూటీ మధ్యాహ్నానికి మార్పించుకున్నాను. ఆ పైవారానిది కూడా.

వదిన